విశాఖపట్నం దంతపు పెట్టె: మధ్యలో గ్రీకు గుడి, అంచుల్లో మన కంసాలి చెయ్యి

మీరు అడిగినవి నాలుగు విషయాలు. అమ్మమ్మగారి ఇంట్లో ఉన్న తెల్లటి పెట్టె ఇంగ్లండ్ నుంచి వచ్చిందని ఇంట్లో అందరూ అంటారు, అది నిజమేనా? మూత మీద స్తంభాలున్న గుడి, దాని చుట్టూ నల్లటి సన్నగీతల్లో తీగ, ఆ పని ఎలా చేస్తారు? పసుపు పట్టిపోయింది కాబట్టి స్పిరిట్‌తో తుడవచ్చా? లండన్‌లో ఉన్న మీ అన్నయ్య అక్కడి వేలంలో మంచి ధర వస్తుంది పంపించమంటున్నారు, పంపవచ్చా?

చివరి రెండింటికి ముందు చెబుతాను, ఎందుకంటే ఆలస్యమైతే నష్టం జరిగిపోతుంది. స్పిరిట్ ముట్టించకండి. శానిటైజర్, సెంటు, గాజు తుడిచే లిక్విడ్ ఏవీ వద్దు. ఆ నల్లటి గీతల్లో ఉన్నది లక్క. లక్క మామూలు నీళ్లకు చెక్కుచెదరదు గానీ స్పిరిట్‌లో కరిగిపోతుంది. తలుపులకు లక్క పాలిష్ వేసేవాళ్లు లక్కను స్పిరిట్‌లోనే కరిగిస్తారు. ఒకసారి ఇలాంటి పెట్టెనే నా దగ్గరికి మరమ్మతుకు తెచ్చారు. తెచ్చే ముందు ఇంట్లో ఎవరో శుభ్రంగా ఉండాలని దూదిని స్పిరిట్‌లో ముంచి మూత అంతా తుడిచారు. దూది నల్లబడింది, మురికి వదులుతోంది అనుకున్నారు. వదిలింది బొమ్మ. చెక్కిన గాడి మిగిలింది, అందులో రంగు లేదు, దూరం నుంచి చూస్తే ఖాళీ తెల్ల పలక. అలా పోయిన గీతను మళ్లీ నింపినా పాతపని అవదు.

ఇక అమ్మకం. ఫోటోల్లో కనిపిస్తున్నది ఏనుగు దంతమే. కాబట్టి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టకండి, పార్సిల్ చెయ్యకండి. చట్టం సంగతి కింద వివరంగా రాస్తాను.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్ నుంచి రాలేదు. విశాఖపట్నంలో చేసిన పెట్టె. మూత తెరవగానే గంధం వాసన వస్తుందని మీరే రాశారు. లండన్ పెట్టెల పనివాళ్లు లోపలి డొక్కుకు, అంటే పైపలకల కింద ఉండే అసలు చెక్కపెట్టెకు, మహాగని, పైన్, ఓక్ వాడతారు. గంధపు చెక్కతో డొక్కు కట్టి, దానిమీద దంతపు పలకలు అతికించి, పలకల మీద గీతలు చెక్కి నల్లలక్క నింపడం అనే మూడు పనులూ ఒకేచోట కనబడితే అది విశాఖ పని. చాలా మ్యూజియంలలో ఈ రకం పెట్టెకు పక్కన చీటీ మీద ఇంగ్లీషువాళ్లు పలికినట్టే 'వైజాగపటం' అని రాసి ఉంటుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ పనివి మంచి నమూనాలున్నాయి.

మీ ఇంట్లోవాళ్లు పొరబడడంలో ఆశ్చర్యం లేదు. పెట్టె ఆకారం ఇంగ్లండ్‌దే, మూత మీద గుడి ఇంగ్లండ్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలోదే (కాగితం మీద అచ్చువేసిన చిత్రం). పెట్టెను చేయించుకున్నవాళ్లు కూడా ఎక్కువగా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, సైనికాధికారులు, వాళ్ల కుటుంబాలు. వాళ్లు దేశం వదిలి వెళ్లేటప్పుడు ఇంటి సామాను వేలం వేయడం మామూలే. అలా ఎన్నో వస్తువులు 'దొరగారి సామాను' అనే పేరుతో మన ఇళ్లలోకి వచ్చాయి. మీ పెట్టె ఆ దారినే వచ్చిందని నేను రుజువు చూపలేను, కానీ ఆ పేరు ఎలా పడుతుందో ఇదొక దారి.

ఆ గుడి బొమ్మ అంత దూరం ఎలా వచ్చిందో తెలిస్తే పెట్టెను చూసే చూపు మారుతుంది. ఇటలీలో హెర్క్యులేనియం తవ్వకాలు 1738లో, పాంపే తవ్వకాలు 1748లో మొదలయ్యాయి. బూడిద కింద పడి ఉన్న రోమన్ ఇళ్లు, గోడబొమ్మలు, కూజాలు బయటపడ్డాయి. యూరప్ కళ్లన్నీ అటు తిరిగాయి. రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండ్ వాస్తుశిల్పి రోమ్‌లో ఉండి చదువుకుని 1758లో లండన్ చేరాడు. అప్పటిదాకా వంకరటింకర అలంకారం ఇష్టపడ్డ పెద్దింటివాళ్లు ఆ తర్వాత సరళరేఖలు, కోడిగుడ్డు ఆకారాలు, సన్నటి దండలు, కూజాలు, స్తంభాలు కోరడం మొదలుపెట్టారు. దీన్నే నియోక్లాసికల్ శైలి అంటారు. 1788లో హెపుల్‌వైట్ పేరుతో, 1791 నుంచి షెరటన్ పేరుతో వచ్చిన ఫర్నిచర్ నమూనా పుస్తకాలు ఈ ఫ్యాషన్‌ను ఊరూరా వడ్రంగి దుకాణాల దాకా చేర్చాయి.

ఇంగ్లండ్‌లో ఈ శైలి అందంగా కుదిరినవాటిలో టీ పెట్టెలు ముందుంటాయి. టీ అప్పట్లో ఖరీదైన సరుకు, అందుకే ప్రతి పెట్టెకూ తాళం. 1784లో టీ మీద పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించారు. ధర దిగడంతో మధ్యతరగతి ఇళ్లకూ టీ వచ్చింది, దానితోపాటు పెట్టెల గిరాకీ పెరిగింది. ఆ పెట్టెల మీద అలంకారమంతా కర్ర రంగుల్లోనే ఉంటుంది. పసుపు మెరుపున్న శాటిన్‌వుడ్ (మన అడవుల్లో బిల్లుడు చెట్టు అందులో ఒక రకం), ఎర్రటి మహాగని, ఇనుప ఉప్పుతో బూడిదరంగు తెప్పించిన సికమోర్. వీటిని ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం పలకలుగా చేతిరంపంతో కోసి, డొక్కు మీద జిగురుతో అతికిస్తారు. ఈ పైపలకను వెనీర్ అంటారు.

ఆ పెట్టెల మీద గవ్వ బొమ్మలో, పూల బొమ్మలో రేకు అంచు గోధుమరంగు నీడలా కనబడుతుంది. అది రంగు కాదు. ఇసుకను ఇనుప పళ్లెంలో బాగా కాచి, వెనీర్ ముక్క అంచును అందులో కొన్ని క్షణాలు గుచ్చి తీస్తారు. లోతుగా మునిగిన చోట ఎక్కువ మాడుతుంది, పైకి వచ్చేకొద్దీ తగ్గుతుంది. దాంతో రేకు వంగినట్టు కనిపిస్తుంది. ఎక్కువసేపు ఉంచితే బొగ్గయి ముక్క విరిగిపోతుంది. ఆ గవ్వల్ని, పూలచక్రాల్ని ప్రతి దుకాణంలోనూ చేసుకునేవాళ్లు కాదు. అదే పని చేసేవాళ్లు వేరే ఉండేవాళ్లు, వాళ్ల దగ్గర కొని తెచ్చి పెట్టెలో పొదిగేవాళ్లు. అందుకే వేర్వేరు పెట్టెల మీద అచ్చంగా ఒకే గవ్వ కనబడుతుంది.

విశాఖ పనివాడి దగ్గర ఈ రంగుల కర్రల పద్ధతి లేదు. ఉన్నది తెలుపు, నలుపు. ఆ రెంటితోనే లండన్ ఫ్యాషన్‌ను పట్టుకున్నాడు, అదీ తన సొంత పద్ధతిలో.

విశాఖలో ఈ పని ఇంగ్లండ్ ఫ్యాషన్ కోసం పుట్టింది కాదు. ఈస్టిండియా కంపెనీ వర్తకస్థావరం 1680ల్లో అక్కడ వెలిసింది. ముఖ్య వ్యాపారం బట్టలది. పదిహేడో శతాబ్దం చివరి నుంచే ముదురురంగు కర్రల్లో దంతపు పూలతీగలు పొదిగిన కుర్చీలు, బీరువాలు తయారయ్యేవి. 1756లో అక్కడికి వచ్చిన మేజర్ జాన్ కార్నెయిల్ అనే అధికారి ఊరి దంతపు పొదుగుడు పనిని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశాడు. పనివాళ్లు కంసాలులు. 1760ల తర్వాత పద్ధతి మారింది. కర్రలో దంతం పొదగడం తగ్గి, వస్తువు అంతటినీ దంతపు పలకలతో కప్పేయడం వచ్చింది. మద్రాసు గవర్నర్‌గా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలా గంధపు చెక్కమీద దంతం కప్పిన కుర్చీల సెట్టు ఉండేది. 1781లో ఆయన సామాను అమ్మకానికి వచ్చినప్పుడు మూడో జార్జి రాజు దాన్ని రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అది ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది. ఈ పనికి గిరాకీ ఎక్కడిదాకా పాకిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

తయారీ ఎలాగో ఇప్పుడు చూద్దాం.

దంతం మొదలు వైపు బోలుగా ఉంటుంది, కొన వైపు సన్నబడుతుంది. కాబట్టి వెడల్పాటి, చదునైన పలక దొరికేది తక్కువ. పెట్టె ఒక పక్క మొత్తాన్ని ఒకే పలకతో కప్పడం చాలాసార్లు కుదరదు. రెండు మూడు పలకలు పక్కపక్కన పెట్టాలి, అతుకు కనబడకూడదు. ఇక్కడే అలంకారం పని చేస్తుంది. మీ పెట్టె ముందుపక్క ఫోటోను పెద్దది చేసి చూడండి. తీగ అంచుకు లోపల వైపు ఉన్న జంటగీతలో ఒకటి నిజానికి గీత కాదు, రెండు పలకల మధ్య అతుకు. ఎడమ మూలలో పలక కొంచెం లేచిన చోట అది తేలిగ్గా తెలుస్తుంది, అక్కడ గీత దగ్గరే పలక విడిపోయింది. డిజైన్ వేసేటప్పుడే అతుకులు ఎక్కడ వస్తాయో లెక్కేసుకుని అంచుల్ని ఆ చోటికి తెచ్చారు. అందానికి వేశారని మనం అనుకునే గీతల్లో కొన్ని అవసరానికి వేసినవి.

పలకల్ని జిగురుతో అతికిస్తారు, చాలా పెట్టెల్లో దానికి తోడు సన్నటి దంతపు మేకులు కూడా కొడతారు. భూతద్దంతో పలక మూలల దగ్గర చూస్తే మేకు తల చిన్న గుండ్రటి మచ్చలా, పలక రంగుకు వీసమెత్తు తేడాతో కనిపిస్తుంది. ఇనుప మేకు కొడితే తుప్పుపట్టి మరక వస్తుంది, దంతాన్ని పగలగొడుతుంది. దంతపు మేకుకు ఆ గొడవ లేదు.

తర్వాత చెక్కడం. కంసాలి చేతిలో ఉన్నది నగల మీద, పాత్రల మీద గీత తియ్యడానికి వాడేలాంటి సన్నటి ఉలి. దంతం మీద గీత లోతు ఒక వెంట్రుక మందం అటూఇటూ. లోతు తక్కువైతే లక్క నిలవదు, ఎక్కువైతే పలక చీలుతుంది. బొమ్మ చెక్కాక పలక మీద వేడి నల్లలక్క పట్టిస్తారు. అది గీతల్లోకి దిగి గట్టిపడుతుంది. పైన మిగిలింది గీకి, నున్నగా రుద్దేస్తే తెల్లటి పలక మీద నల్లటి బొమ్మ మిగులుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. లండన్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు ఎలా తయారవుతాయి? రాగి రేకు మీద ఉలితో గీతలు చెక్కి, గీతల్లో సిరా నింపి, పైసిరా తుడిచేసి, కాగితం పెట్టి నొక్కుతారు. గుడి స్తంభాల గుండ్రదనం, ఆకాశం, చెట్టునీడ అన్నీ గీతల దగ్గరతనం, దూరంతోనే చూపిస్తారు. కంసాలి ఆ కాగితాన్ని చూసినప్పుడు అది తనకు పరాయి భాష కాదు. రాగి బదులు దంతం, సిరా బదులు లక్క, అంతే. రంగుల చిత్రాన్ని చూసి నలుపు తెలుపుల్లోకి మార్చాల్సి వస్తే ఎక్కడో తడబడేవాడు. గీతను గీతగానే ఎక్కించడంలో ఆ ఇబ్బంది రాలేదు. మీ మూత మీద గుడి స్తంభాల్లో కుడివైపు గీతలు దట్టంగా, ఎడమవైపు పలచగా ఉన్నాయి చూడండి. అది లండన్‌లో రాగి చెక్కినవాడు వేసిన నీడ. దాన్ని మన కంసాలి ఒక్కో గీతా లెక్కపెట్టినంత నిష్ఠగా దించాడు.

కానీ చెట్లను చూడండి. ఇంగ్లీషు అచ్చుబొమ్మల్లో చెట్టు ఆకులు గుబురుగా, గజిబిజి గీతల్లో ఉంటాయి. మీ మూత మీద చెట్టుకు ఒక్కో ఆకు విడివిడిగా, వరసగా, ఈనెతో సహా ఉంది. ఇది మన చేతి అలవాటు. ఇక అంచుల్లోకి వస్తే ఇంగ్లండ్ పూర్తిగా వెనక్కి తగ్గుతుంది. మీ పెట్టె చుట్టూ తిరిగే తీగ, ప్రతి వంపు లోపల ఒక పువ్వు, పువ్వుకు అటూఇటూ కొసతేలిన ఆకులు, ఇది కోరమండల్ తీరపు అద్దకం బట్టల అంచు. మచిలీపట్నం కలంకారీ దుప్పటి అంచును పక్కన పెట్టి పోల్చండి, చుట్టరికం తెలిసిపోతుంది. బట్టల వ్యాపారానికే ప్రసిద్ధికెక్కిన రేవులో కూర్చున్న పనివాడికి ఆ తీగ రోజూ కళ్లముందు ఉండేది.

అందుకే ఇలాంటి పెట్టెను నేను అంచుల నుంచి లోపలికి చదువుతాను. మధ్యలో ఉన్న బొమ్మ కొనేవాడి కోరిక. గుడి కావాలంటే గుడి, తన ఇల్లు కావాలంటే ఇల్లు, పేరులో మొదటి అక్షరాలు కావాలంటే అవీ. అంచు మాత్రం పనివాడి సొత్తు. దాన్ని ఎవరూ చెప్పి చేయించరు. పనితనం ఎంతటిదో తూకం వెయ్యాలంటే నాలుగు మూలల దగ్గర తీగ ఎలా తిరిగిందో చూడాలి. మామూలు పనివాడు మూలకు వచ్చేసరికి తీగను తెంపి, ఒక పువ్వో చతురస్రమో పెట్టి మళ్లీ మొదలుపెడతాడు. మంచి పనివాడు వంపుల లెక్క ముందే వేసుకుంటాడు కాబట్టి తీగ తెగకుండా మూల తిరుగుతుంది. మీ పెట్టె మూతకు కనిపిస్తున్న మూడు మూలల్లోనూ తీగ తెగలేదు. నాలుగోది ఫోటోలో నీడలో ఉంది. ఆ మూడూ చూస్తేనే ఇది మంచి చెయ్యి అని నమ్మకంగా చెప్పగలను.

కాలం సంగతి. పెట్టె కింద ఇరుకుగా, పైకి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉంది, మూత మెట్టుమెట్టుగా పైకి లేచింది, కింద నాలుగు బంతికాళ్లు. ఇది రోమన్ల రాతి శవపేటిక ఆకారం. ఆ మాట విని ఇంట్లో ఎవరూ ఇబ్బంది పడక్కర్లేదు, కుట్టుపెట్టెలకూ టీ పెట్టెలకూ ఇంగ్లండ్ అంతటా పంతొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో ఇదే ఫ్యాషన్. విశాఖలోనూ అప్పుడే వచ్చింది. అంతకు ముందరి విశాఖ పెట్టెలు నలుచదరంగా, లేదా వాలుకప్పు, కిటికీలు, తలుపుతో సహా చిన్న ఇల్లులా ఉంటాయి. కాబట్టి మీది 1810 నుంచి 1830 లోపు పని అని నా అంచనా. శవపేటిక ఆకారం విశాఖ వాళ్లకు బాగా కలిసొచ్చింది కూడా. పక్కలన్నీ వాలుగా ఉన్నా చదునుగానే ఉంటాయి, దంతపు పలకను వంచే పని లేదు.

లోపల తీసి పెట్టే ట్రే, గంధపు చెక్క మూతలున్న గళ్లు, మిగిలిన రెండు దంతపు దారపుకండెలు చూస్తే ఇది దొరసానుల కుట్టుపెట్టె. మిగతా కండెలు, అంగుస్తానా (కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు), టేపు పెట్టుకునే డబ్బీ పోయి ఉంటాయి. పెట్టె అడుగునో ట్రే కిందో చేసినవాడి పేరుంటుందేమో అని అడిగారు. ఈ కాలపు పెట్టెల మీద పనివాడి పేరు కనబడదు. అంత పని చేసినవాళ్ల పేర్లు మనకు అందకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

1830ల నుంచి దంతం పక్కన గేదె కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్లపంది ముళ్లు ఎక్కువయ్యాయి. కొమ్మును వేడిచేసి మెత్తబరిచి, నొక్కి పలకలు చేసి, పెట్టె ఒళ్లంతా ఉబ్బెత్తు చారలుగా కప్పేవాళ్లు. శతాబ్దం చివరికి గుళ్లు, కూజాలు పోయి దశావతారాలు, దేవతామూర్తులు వచ్చాయి. అవి చాలావరకు తొందరపని. గీత బలహీనపడింది, అంచులో తీగ మొద్దుబారింది. దేవుడి బొమ్మ ఉంది కాబట్టి అదే అసలు మన పని, గుడి బొమ్మ ఉన్నది నకలు అనే వాదన ఈ మధ్య వింటున్నాను. నేను ఒప్పుకోను. చెయ్యి చూడాలి.

ఇంకో రెండు రకాల పెట్టెలతో దీన్ని కలపకండి. బొంబాయి, సూరత్ పెట్టెల మీద చిన్నచిన్న నక్షత్రాల చారలుంటాయి. దంతం, నల్లకర్ర, పచ్చరంగు వేసిన దంతం, తగరం కడ్డీల్ని కట్టగా అతికించి, ఆ కట్టను అడ్డంగా పలచటి బిళ్లలుగా కోసి అంటిస్తారు, దాన్ని సడేలీ అంటారు. శ్రీలంకలో గాలె వైపు పెట్టెలైతే నల్లకర్ర చట్రంలో ముళ్లపంది ముళ్లు వరసగా పేర్చి ఉంటాయి, చట్రం మీద దంతపు చుక్కలు. వ్యాపారులు అన్నిటినీ ఒకే గాటన కట్టి ఆంగ్లో-ఇండియన్ పెట్టె అనేస్తారు.

దంతమా ఎముకా ప్లాస్టిక్కా అని మీ బావగారికి అనుమానం అని రాశారు. ఎర్రగా కాల్చిన సూది గుచ్చి చూడమని యూట్యూబ్‌లో చెబుతారు, ఆ పని చెయ్యకండి, మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. దారపుకండె అడ్డకోత వైపు, అంటే చివరి గుండ్రటి ముఖం, వెలుతురులో భూతద్దంతో చూడండి. ఏనుగు దంతమైతే ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే వంపుగీతల వల కనబడుతుంది. ఎముకైతే రక్తనాళాలు పోయిన జాడలు చిన్న నల్లటి చుక్కలుగా, పొట్టి చారలుగా ఉంటాయి. ప్లాస్టిక్‌లో ఇవేవీ ఉండవు, చారలున్నా యంత్రం గీసినట్టు సమానదూరంలో ఉంటాయి. మూత బందుల మరలు కూడా చూడండి. 1840ల చివరిదాకా మరలకు మొన ఉండదు, మొద్దుగా ఉంటుంది, తల మీద గాడి సరిగ్గా మధ్యలో ఉండదు. మొనతేలిన మర ఉంటే బందు తర్వాత మార్చారన్నమాట, పెట్టె కొత్తదని కాదు.

శుభ్రం చెయ్యడం. పసుపురంగు మురికి కాదు, వయసు. వెలుతురు తగలని చోట దంతం పసుపుపచ్చబడుతుంది. అది ఉండాల్సిందే, తీసేస్తే పెట్టె పాడవుతుంది. దుమ్ము మాత్రం మెత్తటి పొడి బ్రష్‌తో, గీతల వెంబడి నెమ్మదిగా దులపండి. లేచిన మూల దగ్గరికి బ్రష్ తీసుకెళ్లకండి, పోగు తగులుకుని పలక విరుగుతుంది. కొబ్బరినూనె, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, తడిగుడ్డ ఏవీ వద్దు. లోపలి గంధపు చెక్కకు వాసన తగ్గిందని గంధపు నూనె రాయకండి, అది చెక్కలోకి దిగి జిగురు వదిలేలా చేస్తుంది, ట్రే మరకలు పడుతుంది.

మూత మీద పగులు గురించి టెన్షన్ పడకండి. దంతం, గంధపు చెక్క రెండూ గాలిలో తేమతోపాటు సాగుతాయి, ముడుచుకుంటాయి, కానీ ఒకే లెక్కలో కాదు. విశాఖ సముద్రపు గాలికి అలవాటుపడ్డ పెట్టెను హైదరాబాద్ తెచ్చి ఏసీ గదిలో పెట్టారు. కొత్తగా పగిలిందంటే ఎక్కువగా అదే కారణం. ఏసీ గాలి తగలని, ఎండ పడని లోపలి గదిలో, గోడకు ఆనకుండా, మూసిన బీరువాలో పెట్టండి. బీరువా అడుగున నాఫ్తలీన్ ఉండలు పోస్తున్నట్టయితే తీసేయండి. నెలకొకసారి తెరిచి చూసుకోవడం చాలు.

లేచిన పలకకు ఫెవిక్విక్ వెయ్యొద్దు. ఫెవికాల్ కూడా వద్దు. పాతపనికి వాడింది తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు. దాన్ని అవసరమైతే గోరువెచ్చటి తడితో మళ్లీ విప్పవచ్చు. ఫెవిక్విక్ వేస్తే ఇక ఆ పలకను ఎవరూ విప్పలేరు, కింద గంధపు చెక్క కదిలిన రోజున పలక అక్కడికక్కడే పగులుతుంది. ప్రస్తుతానికి ఆ మూలమీద మెత్తటి టిష్యూ కాగితం కప్పి, నూలు నాడాతో వదులుగా కట్టి ఉంచండి. టేపు అంటించకండి. తర్వాత మ్యూజియం వస్తువులు బాగుచేసే కన్జర్వేటర్‌కు చూపించండి. ఫర్నిచర్ రిపేరు చేసే మంచి వడ్రంగి అయినా సరే, దంతపు పని చేసిన అనుభవం లేకపోతే ఇవ్వకండి.

చివరగా చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం దేశంలో నిషేధం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం కూడా అందులోకి వచ్చింది. పాతది కదా, వారసత్వంగా వచ్చింది కదా అంటే మినహాయింపు రాదు. దంతపు వస్తువు ఇంట్లో ఉంచుకోవాలన్నా యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి, వారసత్వంగా వచ్చినదాన్ని అటవీశాఖకు తెలియజేయాలి. అమ్మమ్మగారి కాగితాల్లో అలాంటి పత్రమేదైనా ఉందేమో ముందు వెతకండి. లేకపోతే ఫోరం సలహాల మీద ఆధారపడకండి, వన్యప్రాణి చట్టం తెలిసిన లాయర్‌ను కలిసి, ఆయన ద్వారానే అటవీశాఖకు వెళ్లండి. విదేశానికి పంపడం రెండు రకాలుగా నేరం. దంతం అంతర్జాతీయ రవాణా మీద నిషేధం ఒకటి. వందేళ్లు దాటిన కళావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని చెప్పే 1972 పురావస్తువుల చట్టం రెండోది. మీ అన్నయ్యగారు చెప్పిన ధరలు పాతవి కావచ్చు. బ్రిటన్‌లో 2018 ఐవరీ చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప అక్కడా దంతపు వస్తువు అమ్మడం నేరమే.

దంతం కోసం ఏనుగులకు ఏం జరిగిందో మనకు తెలుసు, ఈ నిషేధాలు ఉండాల్సినవే. మీ పెట్టె విలువ వేలంలో తేలేది కాదు. కాగితాలు సరిచేసుకున్నాక దాన్ని ప్రభుత్వ మ్యూజియానికి ఇచ్చే ఆలోచన మీకు ఉంటే నేను సంతోషిస్తాను, ఉంచుకుంటానన్నా అర్థం చేసుకుంటాను.

వీలైతే మూడు ఫోటోలు తీయండి, పబ్లిక్‌గా పెట్టకుండా దగ్గర ఉంచుకోండి. మూత నాలుగో మూల, తాళం లోపలి వైపు, ట్రే తీశాక కనిపించే అడుగు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. ట్రే ఎత్తేటప్పుడు పిడుల్ని పట్టుకుని లాగకండి, రెండు పక్కలా వేళ్లు దూర్చి సమానంగా పైకి తీయండి. తాళం చెవి లేదని రాశారు. చెవి చేయించడానికి ఎవరికీ ఇవ్వొద్దు, ఇప్పుడు మూత తెరుచుకునే ఉంది కాబట్టి అలాగే ఉండనివ్వండి. కన్జర్వేటర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఫోటోలు చూపిస్తే పెట్టెను ఎక్కువసార్లు తెరిచి మూసే పని తప్పుతుంది.